చిన్న గ్లాసు, నిండు రుచి



తెలుగునాట క్రిస్మస్ ఒక్కరోజుతో అయ్యే పండుగ కాదు. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంటు సెల్లారులో ఒకటి, సండే స్కూలు పిల్లలది ఒకటి. రాత్రయిందంటే కేరల్స్ బృందాలు డోలకు, గిటారు పట్టుకుని బయల్దేరతాయి. గుమ్మానికి కాగితపు నక్షత్రం వేలాడే ప్రతి ఇంటి ముందూ ఆగుతాయి. ఒక పాట, ఒక ప్రార్థన. ఆ తర్వాత ఇంటివాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపరు. పది ఇళ్లు తిరిగితే పది సార్లు ఇదే మర్యాద.

మరి పది ఇళ్లలో పది పెద్ద గ్లాసుల కూల్‌డ్రింకు ఎవరు తాగగలరు? పది పెద్ద కేకు ముక్కలు ఎవరు తినగలరు? సగం తాగిన గ్లాసు అరుగు మీదే ఉండిపోతుంది. క్రీము పూసిన కేకు ముక్క పేపరు ప్లేటుతో సహా చెత్తబుట్టలోకి పోతుంది. ఇంటివాళ్ల డబ్బూ దండగ, వచ్చినవాళ్ల నోటికి రుచీ దక్కదు. దీనికి విరుగుడు ఉంది. గ్లాసు చిన్నది కావాలి, రుచి నిండుగా ఉండాలి. తీపి కూడా అంతే. రెండు గుటకల పానీయం, రెండు కొరుకుళ్ల మిఠాయి.

ఇంకో షరతు కూడా ఉంది. ఆ పళ్లెం ఎవరి ముందుకు వెళ్లినా వాళ్లు జంకకుండా చెయ్యి చాపగలగాలి. ఐదేళ్ల పాప, పాస్టరుగారు, రోజూ మాత్రలు వేసుకునే తాతయ్య, రాత్రికి కారు నడుపుకుంటూ ఊరు వెళ్లాల్సిన అల్లుడుగారు, వేరే మతం పాటించే పక్కింటివాళ్లు, అందరూనూ. 'ఇది పెద్దవాళ్లకి, అది పిల్లలకి' అని వేరు చేసే పని పడకూడదు. అంటే అందులో ఆల్కహాల్ చుక్క కూడా ఉండకూడదు.

ఇది మనకు కొత్త నియమమేమీ కాదు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పండుగ పూట మద్యం ముట్టని ఇళ్లు ఎన్నో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిసెంబరులో ఇచ్చే క్రిస్మస్ విందు కూడా తేనీటి విందే. దీని వెనక మతం ఒక్కటే లేదు, అనుభవం కూడా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కదిలి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించాల్సి వచ్చింది. ఇంట్లోకి సీసా వస్తే ఏం జరుగుతుందో కళ్లారా చూసిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా మన మధ్యే ఉన్నారు. పండుగ పళ్లెం వాళ్లకు దిగులు పుట్టించకూడదు.

అయితే ఆల్కహాల్ లేదు కదా అని రంగు నీళ్లు పోసి ఇస్తే సరిపోదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. మద్యం లేని గ్లాసు అనగానే చాలామందికి గుర్తొచ్చేది గ్యాసు పోయి చప్పబడిన నారింజ రంగు డ్రింకు. అది అతిథికి చేసే మర్యాద కాదు. మద్యం లేని పానీయం కూడా ఎంతో శ్రద్ధగా, ఎంతో రుచిగా చేయవచ్చు. అలా చేసినవాళ్ల చరిత్ర చాలానే ఉంది. ముందుగా ఒక పళ్ల డాక్టరు కథ.

ఆయన పేరు థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, వైన్‌ల్యాండ్ అనే ఊరు. వృత్తి దంతవైద్యం, చర్చి మెథడిస్టు చర్చి. ప్రభువు బల్లలో వైన్ ఇవ్వడం ఆయనకు నచ్చలేదు. కానీ ద్రాక్షపండు పిండి ఉంచితే రసం దానంతటదే పులుస్తుంది. ద్రాక్ష తొక్క మీద ఉండే ఈస్టు పంచదారను తింటుంది, ఆల్కహాల్ తయారవుతుంది. దాన్ని ఆపేదెలా? అప్పటికి కొన్నేళ్ల క్రితమే ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఒక సంగతి తేల్చాడు. తగినంత వేడి తగిలితే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వెల్చ్ ఆ సూత్రాన్నే పట్టుకున్నాడు. 1869లో ద్రాక్షరసం వడకట్టి, సీసాల్లో పోసి, మూతలు బిగించి, ఆ సీసాలను వేడినీళ్లలో ఉంచాడు. రసం పులవలేదు. సీసాలో ద్రాక్షరసం ద్రాక్షరసంగానే నిలిచింది.

ఆ కథకూ మనకూ చుట్టరికం ఉంది. వెల్చ్ దేశం నుంచే సువార్త చెప్పడానికి నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. గుంటూరుకు అమెరికా నుంచే లూథరన్లు వచ్చారు. ఇవాళ తెలుగునాట ఎన్నో సంఘాల్లో ప్రభురాత్రి భోజనానికి ఇచ్చేది పులవని ద్రాక్షరసమే. దాన్ని పోసే గ్లాసులు గుర్తున్నాయా? గుక్కెడు కూడా పట్టని బుల్లి గ్లాసులు. అందులో ఉన్న కాస్త రసాన్నే ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా తాగుతారో చర్చికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. కొలత తగ్గితే గౌరవం తగ్గదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్రిస్మస్‌కని ద్రాక్షపళ్లు చితక్కొట్టి, పంచదార, ఈస్టు వేసి, జాడీకి గుడ్డ కట్టి మూడు వారాలు ఊరబెట్టే పద్ధతి మన దగ్గర కూడా కొన్ని ఇళ్లలో ఉంది. 'ఇంట్లో చేసిందే కదా, ఏమీ కాదు' అని పిల్లలకు కూడా ఒక చెంచా ఇస్తుంటారు. శ్రోతలు గమనించాలి. అది అచ్చమైన వైనే. అందులో ఆల్కహాల్ ఉంటుంది. ఇంట్లో చేసినంత మాత్రాన పోదు. లైసెన్సు లేకుండా అలా తయారు చేయడం చట్టానికి కూడా విరుద్ధం. కేరళ ఎక్సైజు శాఖ కొన్నేళ్ల క్రితం క్రిస్మస్ ముందు ఈ విషయమే ప్రజలకు ప్రత్యేకంగా గుర్తు చేసింది.

మరి పులవని ద్రాక్షరసం ఇంట్లో ఎలా? చాలా తేలిక. నల్లద్రాక్ష ఒక కిలో తీసుకోండి. ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి బాగా కడగండి. స్టీలు గిన్నెలో వేసి, పళ్లు అంటుకోకుండా కాసిని నీళ్లు పోసి, సన్నని సెగ మీద పెట్టండి. తొక్కలు పగిలి రంగు దిగుతుంది. ఆ ఊదా రంగంతా తొక్కలోనే ఉంటుంది, లోపలి గుజ్జులో ఉండదు. అందుకే మిక్సీలో తిప్పడం కంటే వేడి చేయడం మేలు. మిక్సీలో వేస్తే గింజలు నలిగి వగరు వస్తుంది. రంగు దిగాక గరిటెతో మెత్తగా నొక్కి, పల్చటి గుడ్డలో వడకట్టండి. చల్లారాక కొద్దిగా నిమ్మరసం, చిటికెడు ఉప్పు, చిటికెడు మిరియాల పొడి. పంచదార రుచి చూసుకుని వేయండి, అవసరమే పడకపోవచ్చు. ఫ్రిజ్‌లో మూడు రోజుల లోపు వాడేయండి. బుడగలు వచ్చినా, పులిసిన వాసన వచ్చినా పారబోయండి.

చిటికెడు ఉప్పు, మిరియం ఎందుకంటారా? చిన్న గ్లాసులో తీపి ఒక్కటే ఉంటే నాలుక రెండో గుటకకే విసుగెత్తుతుంది. పులుపు, ఘాటు, కాస్త వగరు తోడుంటే ఆ రెండు గుటకలూ గుర్తుండిపోతాయి. మద్యం తాగేవాళ్లకు గొంతులో తగిలే ఆ వెచ్చటి మంట ఉంది చూశారూ, దాన్ని గుర్తించే నాడులే అల్లానికీ, మిరియానికీ, మిరపకాయకూ కూడా స్పందిస్తాయి. అంటే ఆ వెచ్చదనం కోసం మద్యమే అక్కర్లేదు. మన పోపుల డబ్బాలోనే అది ఉంది.

ఈ రహస్యాన్ని బాగా పట్టుకున్నవాళ్లు ఆంగ్లో ఇండియన్లు. సికింద్రాబాదులో లాలాగూడ ఉంది కదా, రైల్వే వర్క్‌షాపు ఉన్న చోటు. అక్కడ రైల్వే ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్ల క్రిస్మస్ బల్ల మీద ఉండే పానీయాల్లో ఒకటి జింజర్ వైన్. పేరులో వైన్ ఉంది కానీ, మరగబెట్టి చేసే పద్ధతిలో దాన్ని పులియబెట్టరు. ఈస్టు వెయ్యరు. అది అల్లం పాకం, అంతే. కావలసినప్పుడు నీళ్లో సోడానో కలిపి చిన్న గ్లాసుల్లో ఇస్తారు.

చేసే పద్ధతి నెమ్మదిగా చెబుతాను. పెన్ను దగ్గర పెట్టుకోండి. వంద గ్రాముల అల్లం. అర కిలో పంచదార. ఒక లీటరు నీళ్లు. రెండు ఎండు మిరపకాయలు, గింజలు దులిపేసి. ఒక దాల్చిన చెక్క ముక్క, నాలుగు లవంగాలు. ముందు అల్లం చెక్కు తీసి కచ్చాపచ్చాగా దంచాలి. నీళ్లలో వేసి, మసాలా దినుసులూ మిరపకాయలూ వేసి, పావుగంట సన్నని సెగ మీద మరగనివ్వాలి. దించి, వడకట్టి, కదపకుండా అరగంట ఉంచాలి. అడుగున తెల్లటి పిండి లాంటిది పేరుకుంటుంది. అది అల్లంలోని గంజి. పైతేటను మాత్రం వంచుకోవాలి. ఇప్పుడు పంచదార వేసి మళ్లీ మరిగించాలి. ఒక చెంచా పంచదారను విడిగా ఎర్రగా కాల్చి అందులో కలిపితే ముదురు తేనె రంగు వస్తుంది. పూర్తిగా చల్లారాక సీసాలో పోయాలి.

మళ్లీ ఒకసారి. వంద గ్రాముల అల్లం, అర కిలో పంచదార, లీటరు నీళ్లు. మరిగించు, వడకట్టు, తేటను వంచు, పంచదారతో మళ్లీ మరిగించు. నిమ్మరసం మాత్రం సీసాలో కలపకండి. వడ్డించే రోజున, ఒక వంతు పాకానికి రెండు వంతుల చల్లటి నీళ్లు పోసి, అప్పుడు నిమ్మకాయ పిండండి. సోడా వాడేటట్లయితే గ్లాసు చేతికిచ్చే ముందే పోయాలి. ముందే కలిపి పెడితే గ్యాసంతా పోతుంది. పిల్లలకు ఘాటు ఎక్కువైతే ఇంకొంచెం నీళ్లు.

ఇప్పుడు సముద్రాలు దాటి జమైకా వెళ్దాం. కరీబియన్ సముద్రంలో ఒక ద్వీపం. క్రికెట్ అభిమానులకు ఆ పేరు చెప్పక్కర్లేదు. అక్కడ క్రిస్మస్ పానీయం ఒకటుంది. మాణిక్యం రంగులో మెరుస్తుంది. దాన్ని సోరెల్ అంటారు. ఆ పానీయం దేనితో చేస్తారో తెలుసా? గోంగూరతో!

అవును, మన గోంగూర జాతి మొక్కే. వృక్షశాస్త్రంలో రెండింటి పేరూ ఒకటే, హిబిస్కస్ సబ్దరిఫా. మనం ఆకు తింటాం. వాళ్లు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి, దళసరి రేకల తొడుగును తీసుకుంటారు. ఆకులోని పులుపే ఆ తొడుగులోనూ ఉంటుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడ్డవాళ్లతో పాటు ఈ మొక్కా, దాని వాడకమూ ఆ దీవులకు చేరాయి. సెనెగల్‌లో ఇదే పానీయం బిస్సప్. ఈజిప్టులో కర్కదే. అంత కష్టంలోనూ ఆ మనుషులు ఒక రుచిని కాపాడుకుని, దాన్ని పండుగ పానీయం చేసుకున్నారంటే మనసు నిండిపోతుంది.

సరిగ్గా క్రిస్మస్‌కే ఎందుకు? దానికో కారణం ఉంది. ఈ మొక్క పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఎండాకాలంలో ఎంత ఎరువు వేసినా ఆకులే వేస్తుంది. చలికాలం దగ్గరపడి రాత్రులు పెరిగితే పూతకు వస్తుంది. అందుకే సంవత్సరం చివర్లో ఆ ఎర్ర రేకలు చేతికొస్తాయి. మన పెరళ్లలోనూ అంతే. ముదిరిపోయిందని ఆకు కోయడం మానేసిన గోంగూర మొక్క ఈ రోజుల్లోనే పూస్తుంది. అయితే నార కోసం పెంచే రకాల్లో తొడుగు పల్చగా ఉంటుంది, రసం రాదు. ఎర్ర కాడల రకంలో తొడుగు దళసరిగా ఉంటే పనికొస్తుంది. పెరట్లో లేకపోతే ఎండబెట్టిన రేకలు హైబిస్కస్ టీ పేరుతో దుకాణాల్లో దొరుకుతాయి.

లీటరు నీళ్లకు రెండు గుప్పెళ్ల ఎండు రేకలు. నీళ్లు తెర్లుతుండగా రేకలు, దంచిన అల్లం, ఐదారు లవంగాలు, కమలా తొక్క ఒక ముక్క వేసి, వెంటనే పొయ్యి ఆపి మూత పెట్టండి. చల్లారాక అలాగే ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున వడకట్టి పంచదారో బెల్లమో కలపండి. గిన్నె స్టీలుదో గాజుదో అయి ఉండాలి. పులుపు ఎక్కువ కాబట్టి అల్యూమినియం, ఇత్తడి పనికిరావు. జమైకాలో పెద్దవాళ్లు ఇందులో రమ్ము కలుపుకుంటారు. అది లేకుండానే దీని రుచి సంపూర్ణం. అల్లం ఘాటు, లవంగం సువాసన, గోంగూర పులుపు. తెలుగు నాలుకకు ఇంతకంటే దగ్గరి క్రిస్మస్ పానీయం ఇంకొకటి దొరకదు.

ఈ ఒక్క గ్లాసు విషయంలో ఒక జాగ్రత్త. ఈ రేకల కషాయం రక్తపోటును కొంత తగ్గించగలదు. బీపీ మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా దీన్ని తాగకపోవడం మంచిది. వాళ్ల కోసం అదే పళ్లెంలో ద్రాక్షరసం ఉండనే ఉంది.

మద్యం లేని పండుగ పానీయాలు ఇంకా ఉన్నాయి. స్వీడన్‌లో క్రిస్మస్ వచ్చిందంటే యూలమూస్ట్ అనే నల్లటి తీపి పానీయం సీసాలు దుకాణాలు నింపేస్తాయి. 1910లో బీరుకు బదులుగా తయారు చేసిన పానీయం అది. ఈనాటికీ పండుగ రోజుల్లో అక్కడ కోకాకోలాను వెనక్కి నెట్టేస్తుంది. ఇంగ్లండులోని మాంచెస్టరులో 1908లో విమ్టో పుట్టింది. మద్యం మానమని ఉద్యమం నడుస్తున్న కాలం అది. ద్రాక్ష, రాస్ప్‌బెర్రీ రుచులతో చేసిన ఆ పానీయం ఇవాళ గల్ఫ్ దేశాల్లో రంజాన్ బల్లల మీద తప్పనిసరి. కువైట్‌లో మద్యం నిషేధం. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లి అక్కడ పని చేసుకునే తెలుగు క్రైస్తవులు ఎందరో. వాళ్లు జరుపుకునే క్రిస్మస్‌లో గ్లాసు ఎలాగూ ఇలాంటిదే. మద్యం మానమనే ఉద్యమం నాటి విమ్టో వేరే మతం వాళ్ల ఉపవాస విరమణకు పనికొచ్చింది. మంచి గ్లాసు ఎక్కడికైనా వెళ్తుంది.

ఇక మన సొంత సరుకు. రాయలసీమ వాళ్లకు నన్నారి ఉంది. సుగంధిపాల వేళ్లతో చేసిన ఆ షర్బత్‌లో నిమ్మరసం, సోడా, కాసిని నానిన సబ్జా గింజలు వేస్తే చిన్న గ్లాసు ఎంత అందంగా ఉంటుందో చూడండి. గోదావరి వాళ్లకు రామచంద్రపురం ఆర్టోస్ ఉంది. అది ద్రాక్ష రుచే కాబట్టి, అందులో ఒక చెంచా అల్లం పాకం కలిపితే సరికొత్త పానీయం. చలి ప్రాంతాల సంగతి వేరు. లంబసింగిలోనో అరకులోనో డిసెంబరు రాత్రి కేరల్స్‌కు వచ్చినవాళ్లకు చల్లటి గ్లాసు ఇస్తే అది మర్యాద అవుతుందా? అక్కడ బెల్లం, శొంఠి, మిరియాలు, యాలకులు మరిగించిన వేడి వేడి నీళ్లు టీ గ్లాసులో సగానికి పోసి ఇవ్వండి. పాడి పాడి బొంగురుపోయిన గొంతులకు హాయిగా ఉంటుంది.

గ్లాసు అయింది. ఇప్పుడు తీపి.

క్రిస్మస్ అంటే కేకు. మన దేశంలో క్రిస్మస్ కేకు కథ అనగానే కేరళలోని తలశ్శేరి గుర్తొస్తుంది. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకును మాంబళ్లి బాపు అనే బేకరీ ఆయనకు చూపించి, అలాంటిది చేసిపెట్టమన్నాడట. ఫ్రెంచి బ్రాందీ వాడమని కూడా చెప్పాడట. బాపు స్థానికంగా జీడిమామిడి పండుతో కాచిన సారా వాడి కేకు చేశాడని ఆ కుటుంబం చెబుతుంది. బ్రౌన్‌కు అది ఎంతో నచ్చింది. ప్లమ్ కేకు అంటే ఎండుపళ్లను మద్యంలో నానబెట్టాల్సిందేనన్న అభిప్రాయం చాలా బేకరీల్లో ఉంది.

'పొయ్యిలో పెడితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది కదా' అంటారు చాలామంది. ఎగిరిపోదు. గంటసేపు కాలినా పోసినదాంట్లో నాలుగో వంతు దాకా మిగలవచ్చు. కాబట్టి పిల్లలకూ, మద్యం ముట్టనివాళ్లకూ పెట్టే కేకులో అది వేయకపోవడమే న్యాయం. వేసిన కేకు అయితే ఆ మాట ముందే చెప్పి పెట్టడం న్యాయం. బేకరీలో కొనేవాళ్లు కూడా అడిగి కొనండి. అడగడానికి మొహమాటపడకండి.

రమ్ము బదులు ఏమిటి? కమలా రసం. కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు, ఎండు అంజీర, కాస్త కమలా తొక్క తురుము. ఇవన్నీ మునిగేటంత కమలా రసంలో పది నిమిషాలు సన్నగా ఉడికించి, మూత పెట్టి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. పళ్లు రసం పీల్చుకుని ఉబ్బుతాయి. మద్యంలో నానిన పళ్లు నెలల తరబడి నిలుస్తాయి, ఇవి నిలవవు. మర్నాడే కేకు చేసేయాలి, ఆ కేకు నాలుగైదు రోజుల్లో తినేయాలి. పండుగ ఇంట్లో అదేం కష్టం కాదు.

ఓవెన్ లేదా? గుంత పొంగనాల పెనం తీయండి. ఒక్కో గుంటలో కాస్త నెయ్యి రాసి, ఆ పళ్లు కలిపిన కేకు పిండి సగానికి పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద ఉంచండి. పైన గట్టిపడగానే పుల్లతో తిప్పేయండి. గోళీల్లాంటి ప్లమ్ కేకులు వరసగా దిగుతాయి. ఒక్కొక్కటీ ఒక్క నోటికి సరిపోతుంది. పిండి మరీ జారుగా కలపకండి, ఎండుపళ్లు అడుగుకు దిగి మాడతాయి.

కేకుతో పాటు మన క్రిస్మస్ ఇళ్లలో కనిపించేవి గులాబీ పువ్వులు. ఆ ఇత్తడి అచ్చు, దాని పొడవాటి కాడ, మరుగుతున్న నూనె. పిండిలో కొంత బియ్యప్పిండి, కొంత మైదా, కొబ్బరి పాలు, పంచదార, గుడ్డు, కాసిని నువ్వులు. అసలు కిటుకంతా అచ్చులో ఉంది. ముందు అచ్చును నూనెలోనే ఉంచి బాగా కాగనివ్వాలి. కాగిన అచ్చును పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. అంచు మీదికి పిండి ఎక్కిందా, ఇక పువ్వు ఊడి రాదు. నూనెలో పెట్టి ఒక్క క్షణం ఆగి మెల్లగా ఊపితే పువ్వు విడిపోయి తేలుతుంది. మొదటి ఒకటి రెండు అంటుకుంటాయి. కంగారుపడకండి, అచ్చు ఇంకా కాగలేదని అర్థం. అచ్చుల్లో చిన్న సైజు కూడా దొరుకుతుంది. మన పళ్లేనికి అదే సరైనది. గాలి తగలని డబ్బాలో వారం పైగా కరకరలాడుతూ ఉంటాయి కాబట్టి కేరల్స్ కాలానికి ఇంతకంటే తోడు లేదు.

హైదరాబాదు వాళ్లు ఖుబానీ కా మీఠాను మరచిపోకూడదు. ఎండు ఖుబానీలు రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, పంచదారతో మెత్తగా ఉడికించడమే. పెళ్లిళ్లలో దాన్ని కప్పు నిండా పెడతారు. మీరు చిన్న గాజు గ్లాసులో అడుగున రెండు చెంచాల ఖుబానీ, పైన ఒక చెంచా చిక్కటి కస్టర్డు, ఆపైన ఆ గింజ పగలగొడితే వచ్చే పప్పు ఒకటి పెట్టండి. చూడ్డానికే కడుపు నిండుతుంది.

సున్నుండలు ఉసిరికాయంత చుట్టండి. కొబ్బరి లౌజు వేలెడు ముక్కలు కోయండి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు ఒక్కటి పదునైన చాకుతో మూడు ముక్కలవుతుంది. ఇవన్నీ ఒకే రోజు పెట్టమని కాదు. రెండు తీపి రకాలు చాలు. ఒకటి కరకరలాడేది, ఒకటి మెత్తనిది. పులుపు గోంగూర గ్లాసు పక్కన ఖుబానీ బాగుంటుంది. అల్లం గ్లాసు పక్కన బుల్లి కేకు బాగుంటుంది. ద్రాక్షరసం పక్కన గులాబీ పువ్వు. తీపి మీద తీపి పెట్టకపోవడమే ఇందులో కిటుకు.

ఎంత చేయాలి? లెక్క సులువు. టీ బండి దగ్గర ఇచ్చే చిన్న పేపరు కప్పును గుర్తు చేసుకోండి. అందులో 60 మిల్లీలీటర్లు పోస్తే చాలు. యాభై మంది వస్తారు, ఒక్కొక్కరు రెండు సార్లు తీసుకుంటారు అనుకుంటే ఆరు లీటర్లు. మళ్లీ చెబుతున్నాను, యాభై మందికి ఆరు లీటర్లు. అల్లం పాకానికి రెండింతల నీళ్లు కలుపుతాం కాబట్టి పాకం రెండు లీటర్లు ఉంటే సరి.

ఐసు వేసేటప్పుడు తాగే నీళ్లతో చేసిన ఐసే వాడండి. చేపలకు వాడే ఐసు ముక్కలు గ్లాసులోకి రాకూడదు. పాలు, క్రీము, కస్టర్డు ఉన్న తీపి బయట రెండు గంటల కంటే ఎక్కువ ఉంచకండి. చిన్న పిల్లలకు పెట్టేవాటిలో జీడిపప్పు, బాదం పలుకులుగా కాకుండా పొడిచేసి వేయండి, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండని పసివాళ్లకు తేనె కలిపినదేదీ పెట్టకండి. షుగరు ఉన్నవాళ్లకు చిన్న ముక్క మేలే కానీ, చిన్నవి ఆరు తింటే పెద్దది తిన్నట్లే. వాళ్ల కోసం పంచదార కలపని నిమ్మ, అల్లం నీళ్లు రెండు గ్లాసులు విడిగా చేయండి. అవీ అదే పళ్లెంలో, అదే రకం గ్లాసుల్లో ఉండాలి. వాళ్లను వేరుగా కూర్చోబెట్టినట్లు అనిపించకూడదు.

ఈ డిసెంబరులో మీ ఇంటికి కేరల్స్ వచ్చేలోపు ఒక్కటి చేసి చూడండి. గోంగూర రేకలు ముందు రాత్రే నానబెట్టుకోవాలి. గులాబీ పువ్వులు మూడు నాలుగు రోజుల ముందు వండుకోవచ్చు. అల్లం పాకం వారం ముందే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నిమ్మరసం మాత్రం గ్లాసుల్లో పోసే రోజునే కలపండి.